ఆవు వెనక మేక

ఇండూరు
14-2-2025, శుక్రవారం

రాగులు ఎండబోసి ఎత్తినాను. ఇడ్లీపిండి రుబ్బినాను. దొడ్డి కడిగినాను. ఉతికిన బట్టలు పదకొండు. ఆవు ఫోటోలు ఏడు, పనికొచ్చేది ఒకటీ లేదు.

ప్రియమైన పాపక్కకు,

నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. మన పక్క బడిలో లేని తెలుగు రాతను నాయన మనిద్దరికే నేర్పించినాడు. ఈ ఉత్తరాన్ని మీ ఇంట్లో ఇంకెవరూ చదవలేరు, అదొక మేలు.

మొదటి ఈత దూడ నీకు, రెండోది నాకు అని మాట చేసుకుని నువ్వు మేపమని ఇచ్చిన పెయ్యే ఈ ఆవు. పోయిన ఆదివారం చెవులు కుట్టే ఇంట్లో, బంధువులందరి ముందర నువ్వు అన్న మాట అలాగే రాస్తున్నాను: “అన్నీ నోటుబుక్కులో రాస్తావు కదా మేనకా, దూడను రాసేది మరిచిపోయినావా?” అందరూ నవ్వినారు. నేను ఆకు మడిచి లేచినాను.

నువ్వు అలా అనడానికి కారణం నా కూతురు ఉషా ఫోనులో పెట్టిన ఫోటో. పొద్దు గూకే వేళ సూర్యునికి ఎదురుగా తీసింది. అట్లా తీస్తే రంగు, బొచ్చు ఏమీ కనపడవు, నల్లటి ఆకారం ఒక్కటే పడుతుంది. ఆవు వెనక పక్కింటి ధనం వాళ్ళ మేక నిలబడి ఉండింది. రెండు నలుపులూ కలిసి ఒకే పెద్ద కడుపు అయింది. దాన్ని చూసి నువ్వు సూడి ఆవు అనుకున్నావు, నేను దాచినాననుకున్నావు. ఇరవై మూడో తేదీ బండి తెచ్చి తోలుకుపోతానని బావతో చెప్పి పంపినావు. తోలుకుపో. దానికి ముందు అదే వేళకు, అదే మాదిరి, మేక లేకుండా సరైన ఫోటో ఒకటి తీసి పంపుతాను.

ఈ పొద్దు తెలిసింది ఏమంటే, నిలబడి తీస్తే కాళ్ళు మట్టిలో కలిసిపోతాయి. ఆవును గట్టు మీద నిలబెట్టి, నేను కింద కూర్చోవాలి. అది ముఖం మనవైపు తిప్పితే కొమ్ములూ చెవులూ ఒక ముద్ద, పక్కకు తిరిగి ఉండాలి. ఒక ఫోటోలో వీపులో నుంచి కొబ్బరిచెట్టు మొలిచింది. ఉషా చూసి, “ఏమ్మా, ఆవుకు పెళ్ళిచూపులా?” అని నవ్వి, ఫోనులో ఆవును కాదు, ఆకాశాన్ని వేలితో తాకమని చెప్పిపోయింది.

నోటుబుక్కులో ఒక వరస రాసి పెట్టినాను: పాపక్కకు ఒక జవాబు బాకీ.

నీ చెల్లెలు
మేనక


ఇండూరు
19-2-2025, బుధవారం

బియ్యం ఏరినాను. దొడ్డి కడిగినాను. పశువుల డాక్టరుకు కాఫీ పెట్టినాను. నిన్నటి ఫోటో ఒకటి, బాగుంది.

అక్కకు,

నిన్న సాయంత్రం కుదిరింది. ఆకాశాన్ని తాకి వెలుతురు తగ్గించినాను. నాలుగడుగులు పక్కకు జరిగితే కొబ్బరిచెట్టు పోయింది. ఆవు అడుగు వేసి, నాలుగు కాళ్ళూ విడివిడిగా కనపడేదాకా కాచుకున్నాను. కొమ్ములు, గంగడోలు, తోక అన్నీ గీసినట్టు పడినాయి. మేకను కట్టెయ్యమని ధనానికి ముందే చెప్పి ఉన్నాను.

మేక లేదు. కడుపు ఉంది.

అయిదు దినాల ఫోటోలూ వరసగా చూసినాను. అన్నిటిలోనూ ఉంది. నేను కాళ్ళు, కొమ్ములే చూస్తా వచ్చినాను.

ఈ పొద్దు డాక్టరు వచ్చి చెయ్యి పెట్టి చూసి ఆరో నెల అన్నాడు. ఆగస్టులో సూడి కట్టేదానికి సూది వేయించిన ఇరవై దినాలకు అది ఎదకు వచ్చినట్టే అరిచింది. ‘నిలవలేదు’ అని రాసుకున్నాను. సూడి నిలిచినా ఒక్కోసారి అట్లా అరుస్తాయంట. నేను రాసిందే నమ్మినాను. ఆరు నెలలు రోజూ మేత వేసినాను, కడిగినాను, చూడలేదు. ఆవు లావయిందే అని ధనం అంటే, నా మేత గొప్ప అనుకున్నాను.

నువ్వు చూసింది మేకను. అయినా సూడి అన్నది నిజం. దాచినానన్నది నిజం కాదు. ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా కనపడాలనే ఇంత రాసినాను.

ఫోటో ఇందులో పెట్టినాను. బండి తేవద్దు, కడుపుతో ఉన్నది ఆ దోవ కుదుపులకు తట్టుకోదు. నువ్వు బస్సులో రా. నీ చేత్తో తడిమి చూడు. ఈనినాక దూడ నీది. ఆ పొద్దు నవ్విన వాళ్ళను కూడా పిలుస్తాను. రాసేది మరిచిపోలేదు, చూడకుండా తప్పు రాసినానని వాళ్ళ ముందర నేనే చెబుతాను.

నీ చెల్లెలు
మేనక

పాపక్కకు జవాబు బాకీ: ఇచ్చినాను, తీరింది.