గోడకు నుదురు ఆనించి

జూలై 1, మంగళవారం

రెండు కుక్కపిల్లలను చెరువు దగ్గర వదిలేయమన్నవాడు సుధాకర్. నాచారంలో నేను కుక్కలకు స్నానాలు చేయించే షాపు వాడిదే. పేరు రాసిపెడుతున్నాను. కోపం చల్లారితే నేనే మెత్తబడతానేమోనని.

షాపు పైన రేకుల గదిలో రాణి ఉంటుంది. షిట్జు జాతి ఆడకుక్క. దాన్ని సొంత తోడబుట్టిన మగదానితోనే కలిపాడు. అలా చేస్తే పిల్లలు ఇంకా చిన్నవి పుడతాయట. చిన్నవైతే జనం ఎగబడతారట. నాలుగు పుట్టాయి. నలభై రోజులయింది. ముద్దుగా ఉన్న రెండు అమ్ముడుపోయాయి — ఒకటి మేడిపల్లి, ఒకటి మల్కాజిగిరి. మిగిలిన రెండింట్లో ఒకదానికి అంగిలి వెనక చీలిక, తాగిన పాలు ముక్కులోంచి వస్తాయి. ఇంకోటి నా అరచేతిని దాటదు.

"చెరువు దిక్కు ఇడిసిపెట్టి రాపో. గట్టు మీద మనుషులుంటే సంచి మూతి కట్టు."

టీ ఊదుకుంటూ అన్నాడు.

తువ్వాలులో చుట్టుకుని ఇంటికి, ఉప్పల్ ఆటో ఎక్కేశాను.

జూలై 2

అమ్మ ప్యాకింగ్ కంపెనీ నుంచి వచ్చి చెప్పులు కూడా విడవకుండా చూసింది. తిడుతుందనుకున్నాను. రెండింటినీ చేతిలో తూచి, "ఇది గింజ, ఇది పొట్టు" అంది. చేటలో చెరిగినట్టు. బతికేదేదో చచ్చేదేదో ముందే విడదీయడానికి నువ్వెవరని గొడవపడ్డాను. రాత్రి అన్నం తినలేదు. పేర్లు మాత్రం ఉండిపోయాయి.

జూలై 3

ఉప్పల్ డాక్టరమ్మ. పొట్టుకు గొట్టంతోనే పాలు పోయాలట. ముక్కు కొస నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి పెన్నుతో గీత పెట్టించింది. గీత దాకా పోవాలి, దాటకూడదు. నేను గొట్టాన్ని విసురుగా తోస్తుంటే, "కోపంల ఉన్నప్పుడు పొయ్యకు బిడ్డ" అంది. నేనెప్పుడూ కోపంలోనే ఉంటానని ఈమెకు ఎవరు చెప్పారు?

గింజ ఆరువందల ఎనభై గ్రాములు. నడినెత్తిన ఎముక ఇంకా కలవలేదు. వేలు పెడితే మెత్తగా... కొంచెం పెరగనివ్వు, అప్పుడు చూద్దాం అంది.

పెంచుతాను. నా ట్రంకు పెట్టె నిండా కరపత్రాలే. రింగ్ రోడ్డు దగ్గర పంచినవి, సభల్లో ఇచ్చినవి, చర్చి గేటు దగ్గర చేతిలో పెట్టినవి — దేన్నీ పారేయలేదు. అన్నీ చదివి నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే: మొదటి ముద్ద బలహీనుడిది. ఈరోజు నుంచి నా గుడ్డు గింజకు.

జూలై 6, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక కోడికూర. మా ఇంట్లో కార్జం ఎప్పుడూ నీరసంగా ఉన్నవాళ్లదే. నాకు టైఫాయిడ్ వచ్చిన ఏడాదంతా నా పళ్లెంలోకే వచ్చేది. ఇవాళ అమ్మ దాన్ని ఉప్పూ కారం లేకుండా ఉడికించి, వేళ్లతో చిదిమి గింజ ముందు పెట్టింది.

"తిను బిడ్డ, నెత్తురు పడతది."

గిన్నె కూడా నాకేసింది.

సాయంత్రం మూలకు పోయి గోడకు నుదురు ఆనించి నిలబడింది. చాలాసేపు. పిలిస్తే చెవి కూడా కదల్చలేదు.

"సూడు, నీకంటె అదే నయం. ప్రార్థన జేస్తుంది" అని అమ్మ. నేనూ నవ్వాను.

జూలై 8

పొట్టు పోయింది. పొద్దున ఆరున్నరకు. గీత దాటనివ్వలేదు. కొలిచే పోశాను. ఊపిరితిత్తుల్లోకి అంతకుముందే పాలు చేరాయట, షాపులో ఉన్నప్పుడే — డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. మాకు అద్దెకిచ్చిన ఇంటావిడ లేవకముందే సంపు పక్కన మట్టి తవ్వాం. పేరు పెట్టిందని అమ్మను ఒక్క మాట అనాలనుకున్నాను. ఆమె చేతుల నిండా మట్టి.

జూలై 9

ఒకటి చచ్చిందని సుధాకర్‌కు చెప్పాను. నేను చెప్పినచోట వదిలేసి ఉంటే నీకీ ఏడుపు ఉండేది కాదు కదా చెల్లె, అన్నాడు. చెల్లె! వీడి నోట్లో ఆ మాట.

పైన రాణి తలుపు గీరుతోంది. పక్క బోనులో ఇంకో ఈత — రాణి చెల్లెలిది. ఇంకా కళ్లు తెరవని మూడు. తండ్రి అదే మగది.

జూలై 13, ఆదివారం

మధ్యాహ్నం కార్జం. సాయంత్రం గింజ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఎడమకే. ఎడమకే. మంచం కోడుకు గుద్దుకుంటుంది, మళ్లీ తిరుగుతుంది. మూతి నుంచి చొంగ. నా చెయ్యి వాసన చూసి కూడా ఎవరో తెలియనట్టు దాటిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

అమ్మ ఈసారి నవ్వలేదు.

జూలై 14

పొద్దున మామూలుగానే ఉంది. చెప్పు కొరుకుతోంది. అదే ఎక్కువ భయంగా ఉంది.

సుధాకర్ నలభై రోజుల్లో రెండుసార్లు కడుపులో పురుగులకని ఏదో మందు పోశాడు. సీసా మీద కాగితం లేదు. అదే. ఇంకేముంటుంది? కరపత్రం మొదలుపెట్టాను. పై వరుస: విషం పోసి పిల్లలను అమ్ముతున్నవాడు మన నాచారంలోనే ఉన్నాడు. బాగా వచ్చింది.

జూలై 17

కిరాణా కొట్టు త్రాసు మీద ఆరువందల నలభై. తగ్గింది. రోజూ గుడ్డు పెడుతున్నా తగ్గింది. రేపటి నుంచి అమ్మ గుడ్డు కూడా దానికే.

జూలై 20, ఆదివారం

వీధిలో బోనాలు. డప్పులు. మా పొయ్యి మీద కోడి. గింజకు కార్జం, మొత్తం, ఎందుకంటే బక్కచిక్కింది.

నాలుగున్నరకు పక్కకు పడిపోయింది. కాళ్లు ఈదుతున్నట్టు కొట్టుకున్నాయి. పళ్లు బిగిశాయి. డప్పులకు జడుసుకుందని ఇంటావిడ. అమ్మ దాని నుదుటిన నూనె రాసి ప్రార్థన చేసింది. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. రెండు నిమిషాలు. ఆ తర్వాత నా ఒడిలో మూత్రం పోసి, నన్ను చూడకుండా గోడ వైపు...

జూలై 21

షాపుకు పోయి అందరి ముందూ అరిచాను. ఏం మందు పోశావు, సీసా తియ్యి అని. సుధాకర్ అరవలేదు. కత్తెర కింద పెట్టాడు.

"నా కాడ నీళ్ల పాలు, అన్నం. గంతే పెట్టిన. ఉన్నన్ని దినాలు ఒక్కసారన్న పడ్డదా? నీ ఇంటికి వచ్చినంకనే పడ్డది. ఏం పెడుతున్నవో నిన్ను నువ్వు అడుగు."

రేపటి నుంచి రావద్దన్నాడు. ఆప్రాన్ విప్పి వాడి టేబుల్ మీద విసిరేశాను.  

జూలై 22

డాక్టరమ్మ ఎన్ని గంటలకు పడింది, అంతకుముందు ఏం తింది అని అడిగింది. గుర్తు లేదన్నాను. సంచిలో ఈ డైరీ ఉంది. తీసి చదివాను. ఆమె బల్ల మీద పెన్నుతో కొడుతూ వింది. పదమూడో తారీఖు దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది.

"ఆదివారాలు మళ్లోసారి చదువు."

చదివాను. ఆరు. పదమూడు. ఇరవై. నా గొంతే నాకు వేరే ఎవరిదోలా వినిపించింది.

"మాంసం బంద్. గుడ్డు బంద్. ఇప్పటిసంది."

ఖాళీ కడుపుతో ఒకసారి, తిన్నాక రెండు గంటలకు ఒకసారి రక్తం తీయాలట. రేపు పొద్దున తీసుకురమ్మంది.

జూలై 24

పరీక్ష వచ్చింది. డాక్టరమ్మ కాగితం వెనక బొమ్మ గీసింది. ఉండకూడని ఒక రక్తనాళం పుట్టుకతోనే ఉంది. పేగుల నుంచి వచ్చే రక్తం కాలేయంలోకి పోకుండా దాని గుండా పక్కదారి పడుతోంది. మాంసం అరిగాక వచ్చే చెడును కడిగే చోటు లేదు. నేరుగా మెదడుకు ఎక్కుతోంది. అన్నం, పెరుగు, ఒక తీపి సిరప్, ఇంకో మందు. పక్కాగా పాటిస్తే బరువు పెరగొచ్చు. కిలో దాటితే ఆపరేషన్‌కు పెద్ద దవాఖానాకు రాస్తానంది. దాటకపోతే... సిరప్ సీసా మూత బిగించి ఇచ్చింది, అంతే.

అన్నాచెల్లెళ్లను కలిపితే ఇట్లాంటివి బయటపడతాయి, అది వాడి తప్పు, అందులో అనుమానం లేదు అంది. మిగిలిన సగం ఈ డైరీలోనే ఉంది.

ఇంట్లో చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరుతూనే ఉంది.

"నా చేతులతోటి చిదిమి పెట్టిన గదే."

నీ ఒక్కదాని చేతులేనా అమ్మా. చేట ఇవతలి వైపు కూర్చుని నేనూ ఏరాను.

జూలై 25

కరపత్రంలో మొదటి వరుస కొట్టేశాను. విషం వాడు పోయలేదు. వాడి పిసినారి పాలూ అన్నమే దాన్ని నలభై రోజులు నిలబెట్టింది. ఈ వాక్యం రాయడానికి పొద్దున్నుంచి పట్టింది.

మళ్లీ రాశాను. ఒక పక్క సుధాకర్ చేసింది: తోడబుట్టినవాటిని కలపడం, జబ్బు దాచి అమ్మడం, మిగిలినవాటిని చెరువుకు పంపడం. రెండో పక్క నేను చేసింది: పంతొమ్మిది రోజుల గుడ్లు, మూడు కార్జాలు. రెండో పక్క చదివితే జనం సుధాకర్‌ను వదిలేసి నన్ను పట్టుకుంటారు. పట్టుకోనీ.

సాయంత్రం. పెన్ను చేతిలోనే ఉంది, ఒక్కసారిగా గుర్తొచ్చింది. మేడిపల్లి శైలజక్క. గింజ తోడబుట్టిన దాన్ని కొన్నది ఆమే. పోయిన వారం నాకు వీడియో పంపింది. ఆమె పిల్లలు వెనక నుంచి పకపకా నవ్వుతుంటారు. కింద రాసింది — మా బుజ్జి గోడకు ముద్దు పెడుతుంది. నేను ఎర్ర గుండె బొమ్మ కూడా కొట్టాను.

మళ్లీ పెట్టి చూశాను. ముద్దు కాదు.

జూలై 27, ఆదివారం

శైలజక్క మూడోసారికి ఫోన్ ఎత్తింది. గుడ్డు, మాంసం పెట్టొద్దన్నాను. బక్కగా ఉందని రోజూ రెండు పెడుతోందట.

"సుధాకరన్న ఫోన్ జేసిండమ్మా. పనిలకెళ్లి తీసేసినందుకు ఆ పోరి కస్టమర్లను బెదిరిస్తది, పట్టించుకోకుండ్రి అన్నడు. నాకెందుకు మీ లొల్లి?"

బుజ్జి తిన్నాక గోడ దగ్గర నిలబడుతుందా అక్కా అని అడిగాను. అటు వైపు నుంచి కుక్కర్ విజిల్. తర్వాత ఫోన్ పెట్టేసింది.

మల్కాజిగిరి వాళ్ల నంబర్ మోగడం లేదు.

మా ఇంట్లో ఈ ఆదివారం పప్పు.

జూలై 29

గింజ ఆరువందల డెబ్బై. మూడు రోజులుగా గోడ దగ్గరికి పోలేదు. సిరప్ పోస్తే నా వేలు కొరుకుతుంది. కొరకనీ.

జూలై 31

షాపు గేటు ముందు జనాన్ని కూడగడతానని డాక్టరమ్మకు చెప్పాను. అందరూ కుక్కపిల్లలతో వస్తారు, వాడు బయటికి వచ్చి జవాబు చెప్పాలి. ఆమె చేతులు కడుక్కుంటూ, గేటు ముందు లొల్లి అయితే ఎవరి పిల్లను వాళ్లు చంకలో పెట్టుకుని ఉరుకుతారు, అప్పుడు నేను ఎవరి రక్తం తీయాలె, అంది. ఆదివారం క్లినిక్ తెరుస్తాను, రాణి ఈతలవి, దాని చెల్లెలి ఈతలవి ఎన్ని వస్తే అన్నీ చూస్తాను అంది.

గేటు కావాలి నాకు. వాడి ముఖం చూడాలి. ఇంటిదాకా నడుస్తూ డాక్టరమ్మనే తిట్టుకున్నాను. మెట్రో పిల్లర్ల కింద వాన నీళ్లు, చీలమండ దాకా.

టీకాల తారీఖులు గుర్తుచేయడానికి కొన్నవాళ్ల నంబర్లన్నీ నా ఫోన్లోనే ఉన్నాయి. పదకొండు ఇళ్లు.

ఆగస్టు 2, శనివారం

నిన్న పొద్దున కరపత్రం పంపాను, రెండు పక్కలూ ఫోటో తీసి. పదకొండు ఇళ్లలో తొమ్మిది చూశాయి. ఒక్కరూ జవాబు ఇవ్వలేదు. ఒకాయన మాత్రం ఫోన్ చేసి, మీరే గుడ్లు పెట్టి మీరే అంటే ఎట్ల నమ్మాలె అన్నాడు. నమ్మకండి సార్, రక్తం తీయించండి అన్నాను. అరవలేదు.

మధ్యాహ్నం శైలజక్క నుంచి వీడియో. ఒక్క మాట కూడా రాయలేదు. బుజ్జి తిరుగుతోంది. ఎడమకే. పిల్లల నవ్వు లేదు ఈసారి. తిరిగి చేస్తే ఫోన్ బిజీ. మళ్లీ బిజీ.

గింజ నా పాదం మీద పడుకుంది. దాని ఊపిరి లెక్కపెట్టడం మానేయాలి.

ఇప్పుడు చివరిసారి పంపుతున్నాను. ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను:

సుధాకర్ దగ్గర పిల్లలను తెచ్చుకున్నవాళ్లందరికీ. రేపు ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు ఉప్పల్‌లో డాక్టరమ్మ క్లినిక్‌కు రండి. నా మీద కోపం ఉన్నవాళ్లు కూడా రండి. పిల్లను వెంట తీసుకురండి. తెల్లవారుజామున ఐదు దాటాక దానికి ఏమీ పెట్టకండి, అడిగినా పెట్టకండి, ఎంత ముద్దుగా చూసినా పెట్టకండి. ఎనిమిది గంటలకు. నేను ఏడుకే మెట్ల మీద ఉంటాను.