గంట మోగితే చాలు

పై క్యాంపు, బుధవారం

ప్రియమైన అమ్మా,

చేరాను. కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి, సరిచూసుకున్నాను. కింది క్యాంపులో ఉంచుతారనుకుంటే, దిగీ దిగగానే పై క్యాంపుకి డాక్టరు లేరని ఇక్కడికి తరిమారు. జీపులో నాలుగు గంటలు, వంతెన దాటాక ఇంకో గంట నడక. ఇక్కడ ఫోన్లు పనిచేయవు, పనిచేసినా దగ్గర ఉంచుకోనివ్వరు. కాబట్టి నా కోడిగీతలు చదువుకోవడం తప్ప నీకు వేరే గతి లేదు.

నా ఆస్పత్రి అంటే ఒక రేకుల గది. రెండు మంచాలు, ఒక స్టవ్వు, మూత సరిగ్గా పడని మందుల పెట్టె. నాతో కలిపి ముప్పై ఎనిమిది మందిమి. కిటికీలోంచి చూస్తే అవతలి దేశపు సైనికులు బట్టలు ఆరేసుకోవడం కనిపిస్తుంది. వాళ్ళకీ ఎండ చాలట్లేదు పాపం. మా వంటాయన మహా గడుసు మనిషి. మొదటిరోజే వచ్చి, "డాక్టరమ్మా, నా వంట తిని మీరే పడుకుంటే మీకు మందెవరిస్తారు?" అని అడిగాడు. అరుగుదల మాత్రలెన్నున్నాయో లెక్కపెట్టుకున్నాను.

ఒక్క సంగతి మాత్రం నచ్చలేదు. మాకు ఆ వంతెన ఒక్కటే దారి. అది పోతే దెబ్బ తగిలినవాణ్ణి కిందికి దింపే మార్గం లేదు. వెనకవైపు మేకలు నడిచే బాట ఉంది, దాన్ని రోడ్డు చేయమని రెండేళ్ళ కిందట ఫైలు పంపారట. అది మీ ఊళ్ళోనే ఏదో ఆఫీసులో నిద్రపోతోంది. సరిహద్దుల గురించి, యుద్ధాల గురించి పెద్దపెద్దవాళ్ళతో కూర్చుని చర్చించడమే కదా నీ ఉద్యోగం. ఆ గుండ్రటి బల్ల దగ్గర మా దారి గురించి ఒక్క మాట వెయ్యమ్మా.

ఇంతకీ మన గేటు దగ్గర గంట బాగుచేయించావా, ఇంకా దగ్గుతూనే ఉందా?

ఇక్కడి చలంతా నీకు పంపిస్తూ,
నీ పిడుగు

*

నా పిడుగుకి,

నీ ఉత్తరం పదకొండు రోజులకి చేరింది. పైన రాసిన క్యాంపు పేరు చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. కింది క్యాంపు అని చెప్పే కదా వెళ్ళావు.

ఇక్కడ మా చర్చలు మామూలే. పన్నెండు మందిమి లోపలికెళ్ళగానే తలుపు వేసేస్తారు. రిటైరైన రాయబారిగారు యుద్ధం అనగానే నిద్రపోతారు, టీ కప్పుల చప్పుడు వినగానే శాంతి కోసం మేలుకుంటారు. ఎవరేమన్నారో గది దాటి బయటికి రాకూడదు, అదీ నియమం. రిపోర్టులో కూడా 'ఒక నిపుణుడు', 'మరో నిపుణుడు', అంతే. పేరుండదు కాబట్టి అందరూ మనసులో ఉన్నది నిర్భయంగా చెప్తారని దాని ఉద్దేశం. పదిహేనేళ్ళుగా నేనూ అలాగే చెప్తున్నాను. దారి సంగతి కనుక్కుంటాను. ఎక్కువ ఆశ పెట్టుకోకు.

నా మోకాళ్ళు అస్సలు బాగాలేవు. మెట్టెక్కితే ప్రాణం పోతోంది. రెండు నెలలు సెలవు పెట్టి రారాదూ. సెలవివ్వకపోతే బదిలీకి అర్జీ పెట్టు. మీ వైద్య విభాగం డైరెక్టరు, నేను కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో నా క్లాసులో వెనక బెంచీ వాడే, నేను చెప్తే వింటాడు. దీని మీద నాతో వాదించకు.

గంటకేం రోగం? దగ్గినా మోగుతోంది కదా. గంట మోగితే చాలు, మిగతాది లోపలున్నవాళ్ళు చూసుకుంటారు. నీ చిన్నప్పట్నుంచీ చెప్తూనే ఉన్నాను.

స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకో.
అమ్మ

*

పై క్యాంపు, ఆదివారం

ప్రియమైన అమ్మా,

పిన్ని కూడా ఉత్తరం రాసింది. మొన్న లిఫ్టు పాడైతే మూడంతస్తులెక్కి వాళ్ళింటికి వెళ్ళావట, తన వంటకి వంకలు కూడా పెట్టి వచ్చావట. నీ మోకాళ్ళకి నా నమస్కారాలు. నాకు జ్వరమొచ్చినా "పరీక్ష రాసి పడుకో" అన్న మనిషివి, పని వదిలేసి రమ్మంటున్నావు. అదే నన్ను భయపెడుతోంది.

దారి ఫైలు తిరిగొచ్చింది. అక్కర్లేదన్నారు. కారణం కింద మీ చర్చల రిపోర్టులోంచి ఒక పేజీ జతచేశారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా క్యాంపు అధికారి, మేం పెద్దాయన అంటాం, అది పైకి చదివాడు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ఈ క్యాంపు తలుపు కాదు, గేటు దగ్గర గంట లాంటిది. శత్రువు వస్తే ముందు దీనిమీదే పడతాడు. ప్రపంచం చూస్తుంది. అప్పుడు మనం ఏం చేసినా అడిగేవాడుండడు. గంట మోగితే చాలు, మిగతాది లోపలున్నవాళ్ళు చూసుకుంటారు. గంట కోసం రోడ్డు వేయడం అనవసరం. ఒక నిపుణుడు."

వంటాయన గరిటెతో గిన్నె మీద ఒక్కటిచ్చి, "మోగాను బాబూ, ఇక నేను ఇంటికి పోవచ్చా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, కంచం పక్కన పెట్టేశాను. అప్పట్నుంచి ఒకర్నొకరు "ఏరా గంటా" అనే పిలుచుకుంటున్నారు.

అవతలివాళ్ళు బట్టలు ఆరేయడం మానేశారు. నాలుగు రోజులుగా లారీలు వస్తున్నాయి.

ఆ రోజు ఆ గదిలో నువ్వున్నావు. పేరు చెప్పమని అడగను, నీ నియమం నీది. ఒక్కటి మాత్రం చెప్పు. ఆ మాట అన్న మనిషి, ఆ రోజు ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నారా?

పిడుగు

*

పిడుగూ,

తిన్నాను. రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను.

ఆ మాట నాదే. నువ్వు పోల్చుకున్నావు, లేకపోతే అలా అడగవు. అప్పటికి నువ్వింకా టౌన్లో ఆస్పత్రిలోనే ఉన్నావు. మ్యాపు మీద ఆ క్యాంపు కందిగింజంత ఎర్రచుక్క. ఆ చుక్కలో మనుషులుంటారని నాకు తెలియదని మాత్రం అనుకోకు. తెలుసు. తెలిసే అన్నాను. ఒక చిన్న దెబ్బతో పెద్ద యుద్ధం తప్పుతుందని లెక్క వేశాను. ఆ లెక్క తప్పని ఇప్పటికీ పూర్తిగా అనలేను. అందులో నువ్వున్నావని తెలిశాక మాత్రమే నాకు తిండి సహించడం మానేసింది. అంతకుముందు సహించింది. నన్ను తినేస్తున్నది అదే.

నిన్న చర్చలో లేచి నిలబడ్డాను. "పోయిన రిపోర్టులో ఒక నిపుణుడు అని రాశారే, ఆ మనిషిని నేను. నా పేరు రాయండి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, దారి వేయండి" అన్నాను. అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి, "మేడమ్, మీ అమ్మాయి అక్కడికి వెళ్ళాక ఈ అభిప్రాయం మారిందా?" అని అడిగారు. అవునన్నాను. ఇంక సిగ్గుపడి ఏం లాభం. ఎవరూ నా ముఖం చూడలేదు. ఆ రోజు నిద్రపోనిది రాయబారిగారొక్కరే. ఫైలు మళ్ళీ తెప్పించమని పట్టుబట్టింది ఆయనే. నియమం తప్పాను కాబట్టి ఇక నాకు ఆ గదిలోకి పిలుపు లేదు. పోతే పోయింది.

ఇంకో పని కూడా చేశాను, తిట్టుకుంటావు. మీ డైరెక్టరుకి ఫోను చేశాను. నీ బదిలీ కాగితం ఈ ఉత్తరంతోపాటే అందాలి. అందగానే బయల్దేరు. నామీద కోపం ఉంటే ఇక్కడికొచ్చి, ఎదురుగా నిలబడి చూపించు.

నీ కోసం చూస్తూ,
అమ్మ

*

పై క్యాంపు, శుక్రవారం

అమ్మా,

కాగితం అందింది. మడిచి, ఊగుతున్న స్టవ్వు కాలు కింద పెట్టాను. ఇప్పుడు ఊగట్లేదు.

నా బదులు వేసిన డాక్టరు పేరు అందులోనే ఉంది. చదువు ఇప్పుడే పూర్తయిందట. అతనికీ అమ్మ ఉంటుంది. ఆవిడ క్లాసులో ఏ డైరెక్టరూ చదువుకుని ఉండడు.

కోపం ఉంది. చాలా ఉంది. పొద్దున్నే వీళ్ళందరి మధ్యా కూర్చుని టీ తాగుతుంటే, ఆ మాట అన్నది మా అమ్మేనని చెప్పబోయి, ఇంకో కప్పు పోసుకుంటున్నాను. నువ్వు లేచి నిలబడ్డావు, అదీ నిజమే. రెండూ ఒక్క మనిషే ఎలా చేసిందో నాకు అర్థం కావట్లేదు.

దారి పని మొదలైంది. కింద బండలు పగలగొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వంటాయన రోజూ అంచుకి వెళ్ళి చూసొచ్చి, ఎంత దూరం వచ్చిందో భోజనాల దగ్గర చెప్తున్నాడు. లారీలు కూడా ఆగలేదు.

నీ పిడుగు

*

నా తల్లీ,

దాడి సంగతి పేపర్లో చూశాను. క్యాంపు పేరు ఉంది, మనుషుల పేర్లు లేవు. 'ప్రాణనష్టం జరిగినట్టు తెలుస్తోంది' అని రాశారు. ఆ వార్త వచ్చి పదిహేడు రోజులైంది. ఎవరికి ఫోను చేసినా కనుక్కుంటామంటారు. ఒకప్పుడు నేనూ అలాగే అనేదాన్ని.

గేటు దగ్గర గంట దగ్గితే కుర్చీ వదలట్లేదు. కబురు తెచ్చినవాళ్ళేమోనని. మిగతాది లోపలున్నవాళ్ళు చూసుకుంటారన్నాను కదా. లోపలున్నది నేనే. లేచి తలుపు తీయలేకపోతున్నాను. మీ పిన్ని వచ్చి తీస్తోంది.

తిట్టు, శాపనార్థాలు పెట్టు, ఏదైనా సరే. నీ చేత్తో ఒక్క అక్షరం రాయి.

అమ్మ

*

కింది క్యాంపు ఆస్పత్రి, సోమవారం

ప్రియమైన అమ్మా,

ఉన్నాను. కట్టు కట్టింది ఎడమ చేతికి, రాసేది కుడిచేత్తో, భయపడకు.

టీలు తాగుతుండగా మొదలైంది. మొదటి అరగంటలోనే వంతెన పోయింది. కొత్త దారి అప్పటికి మూడొంతుల్లో రెండు వంతులు పడింది. మిగిలిన ముక్కంతా మనుషుల్ని భుజాల మీద మోశాం. ఇరవై తొమ్మిది మందిమి బతికాం. ఆ దారే లేకపోతే ఒక్కరం కూడా మిగిలేవాళ్ళం కాదు. కాబట్టి నువ్వు లేచి నిలబడడం వృథా పోలేదు. ఇంకో రెండు నెలల ముందు మొదలుపెట్టి ఉంటే, అని రాయబోయి నాలుగుసార్లు కొట్టేశాను. మిగతాది నువ్వే ఊహించుకో.

వార్డులో రేడియో ఉంది. ప్రపంచమంతా చూసిందట, దేశాలన్నీ గట్టిగా మాట్లాడాయట, అవతలివాళ్ళు వెనక్కి తగ్గారట. పెద్ద యుద్ధం తప్పిందని చెప్పారు. అంటే అచ్చం నువ్వన్నట్టే జరిగింది. నీ లెక్క తప్పలేదమ్మా. తప్పి ఉంటే నీకు కాస్త తేలికగా ఉండేదేమో.

వంటాయన్ని దింపుతూ మధ్యలో ఆగినప్పుడు ఆయన తల నా ఒళ్ళో ఉంది. నా చేతుల్లో ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. అప్పుడు చెప్పేశాను, గంట అన్నది మా అమ్మే అని. చెప్పకుండా పంపిస్తే మోసం చేసినట్టనిపించింది. ఆయన తల కాస్త ఎత్తి నన్ను చూశాడు. తర్వాత, "అమ్మగారు తప్పేం చెప్పలేదు డాక్టరమ్మా, బాగానే మోగాం. కానీ గంట మోగితే 'ఎవరూ?' అని అడుగుతారు కదా. మమ్మల్ని ఎవరూ అడగలేదు" అన్నాడు. అవే ఆయన ఆఖరి మాటలు. ఆయన పోయాక కూడా ఆ ముక్క దారి నేనే ఒక పక్క పట్టుకుని మోశాను.

దీంతోపాటు ఇంకో కాగితం పెడుతున్నాను. తొమ్మిది పేర్లు. ఎవరెవరి ఊరేదో, ఇంట్లో ఎవరున్నారో, తెలిసినంతవరకు రాశాను. ఇది ఆ గదిలో చదివి వినిపించు. పేర్లు రాసుకోవడం వాళ్ళకి అలవాటు లేదని తెలుసు, నిన్ను లోపలికి రానివ్వరనీ తెలుసు. ఆ తలుపుకీ బయట ఒక గంట ఉండే ఉంటుంది. కొట్టు. ఎవరో ఒకరు తీసేదాకా కొట్టు.

లోపల్నుంచి 'ఎవరూ?' అని అడుగుతారు. మొదటి పేరు వంటాయనది.

నీ పిడుగు