సూదికి ముహూర్తం

ఆదివారం, పలమనేరు

గెలిచినాను! పోయినేడు తిరుమల క్యూలో అంటుకున్న ఫ్లూతో నాయన ఆసుపత్రి పాలైనాడు. ఈసారీ పంచాంగం చూసి కొండకు రోజు పెట్టుకున్నాడు గానీ, ఫ్లూ సూది అంటే మాత్రం అదే మొండి. "సూది ఏసుకుంటే తలకు పోసుకోకూడదు. తలస్నానం లేకుండా కొండెక్కేదెట్ల పాపా? వచ్చినాక సూస్తాంలే."

వచ్చినాక ఎందుకంట? అది పనిచేసేదానికే రెండు వారాలు కావాలని డాక్టరమ్మ చెప్పింది. ముందుగానే లాక్కునిపోయి ఏయించినాను. స్నానానికి అడ్డం లేదని ఆమెతోనే చెప్పించినాను.

ఈ పొద్దు గుండుతో ఇల్లు చేరినాడు. దగ్గు లేదు, జ్వరం లేదు. రేపు మొదలైతే? ఏమో... ఇప్పటికైతే "అంతా స్వామి దయ" అంటా వీధంతా లడ్డు పంచినాడు.

దయ స్వామిదే. ముహూర్తం నాది.