ఫ్లాగ్ స్టేట్: తెలంగాణ

మారేడ్‌పల్లి,
ఆగస్టు 9.

ఒరేయ్ సైలస్,

క్షేమమా అని అడగడానికి సిగ్గుగా ఉంది. పరాయి దేశపు రేవులో, కరెంటు లేని ఓడలో, ఒంటరిగా బకెట్టుతో వాననీళ్లు పట్టుకుంటున్నవాణ్ణి అలా అడిగితే ఎగతాళి చేసినట్టే. నీ ఫోను చచ్చి రెండు నెలలైంది. అందుకని ఈ ఉత్తరం ఫొటో తీసి అక్కడి నావికుల చర్చి పాస్టరు గారికి పంపుతున్నాను. శనివారం పడవలో నీకు మంచినీళ్లు తెచ్చేటప్పుడు కాగితం మీద అచ్చుతీసి తెస్తానన్నారు. మంచి మనిషి, తనకు మన పాట ఒకటి నేర్పమని నీతో చెప్పమన్నారు కూడా.

నీకోసం ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగానో లెక్కలేదు. మన దేశపు అధికారులను అడిగితే, ఓడ మీద ఎగిరే జెండా ఏదో దీవి దేశానిది, వాళ్లను అడగమన్నారు. పటంలో ఆవగింజంత కూడా కనబడని ఆ దీవి, ఓడ యజమానిని అడగమంది. యజమాని ఇంకో దేశంలో చేతులెత్తేసి కూర్చున్నాడు. బాకీల కింద ఓడను పట్టుకున్న రేవు దేశమేమో, మా కోర్టు తేలుస్తుంది, మధ్యలో మీరెవరు అంది. మొన్న ఒక ఆఫీసులో గుమస్తా కుర్చీ వేసి, టీ తెప్పించి మరీ చెప్పాడు: "మన చేతుల ఏం లేదమ్మా. వాళ్ల దేశంల వాళ్ల మాటే నడుస్తది. మీరు పరేషాన్ కాకుర్రి." ఆ టీ అక్కడే వదిలేసి వచ్చాను.

తిరుమలగిరి కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా నేను చెప్పే మొదటి పాఠం ఇదేరా. ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం, ఈ నాలుగూ ఉంటేనే రాజ్యం. మన తెలంగాణ రాష్ట్రమే కాని రాజ్యం కాదు, ఎందుకంటే నాలుగోది లేదు. ఇంగ్లీషులో రెండింటినీ స్టేట్ అంటారు కదా, పిల్లలు తికమకపడి రాజ్యం రాయాల్సిన చోట రాష్ట్రం అని రాస్తారు. నేను నిర్దాక్షిణ్యంగా మార్కు కోస్తాను. పోయిన వారం, పెద్దవైనా చిన్నవైనా రాజ్యాలన్నీ సమానమే అని చెప్తుంటే వసుధ అనే అమ్మాయి లేచింది. "మేడమ్, అన్నీ సమానమైతే మీ తమ్మున్ని ఎవ్వరు తోలుకొస్తరు?" పొగరుగా అడగలేదు, పాపం నిజంగానే అడిగింది. బోర్డు తుడిచి హాజరు పిలిచాను. హాజరు అప్పటికే అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఎలీనాకు కూడా చెప్పలేదు. నిన్ను వెనక్కి రప్పించమని మే నెలలో పంపిన దరఖాస్తు నేనే నింపాను. నీ భార్య ఎలీనా పక్కన కూర్చుని ఏడుస్తోంది. పేరు, ఊరు, జిల్లా, స్టేట్ రాసి పేజీ తిప్పాను. అక్కడ ఫ్లాగ్ స్టేట్ అని ఉంది, అంటే ఓడ మీది జెండా ఏ దేశానిదో ఆ దేశం. ఆ దీవి పేరు రాయాల్సిన చోట నా చెయ్యి తెలంగాణ అని రాసేసింది! నాలుగు వారాలకు ఎర్ర సిరా గీతతో తిరిగొచ్చింది. మా చరిత్ర లెక్చరర్ పురుషోత్తం గారు చూసి, "అరె, గిట్ల రాసిన్రేంది మేడమ్? మనకు సముద్రమే లేదు, ఓడ యాడికెళ్లొచ్చె?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు.

ఆ నాలుగు వారాల్లోనే నీతో ఓడలో ఉన్న ఆరుగురూ ఇళ్లకు చేరారు. ఇళ్లకు పంపేవాళ్ల జాబితాలో నీ పేరు లేదట. ఆఫీసువాళ్లు ఆలస్యం చేశారని ఎలీనాకు అబద్ధం చెప్పాను. చదువు చెప్పే దాన్నే చదువురాని దానిలా నిన్ను ముంచాను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు.

నీ అక్క,
సువార్త

*

ఓడ మీంచి,
ఆగస్టు 23.

అక్కా,

నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. ఖాళీ ఓడలో నా నవ్వు నాకే తిరిగి వినబడితే భయమేసి ఆపేశాను. తర్వాత చాలాసేపు ఏడ్చాను.

నన్ను ముంచింది నువ్వు కాదు. నీ దరఖాస్తు తిరిగి రాకముందే ఇక్కడి కోర్టు మనిషి ఒక కాగితం తెచ్చాడు. ఒకరు సంతకం పెడితే మిగతావాళ్లు ఇంటికి పోవచ్చన్నాడు. అంతా వాళ్ల భాషే, గీత కింద ఒక్క ఇంగ్లీషు మాట ఉంది: గార్డియన్. అమ్మానాన్నా పోయాక నా ప్రోగ్రెస్ కార్డు మీద ఆ మాట పక్కన సంతకం పెట్టింది నువ్వే కదా. గార్డియన్ అంటే నాకు తెలిసింది అదే, సంతకం పెట్టి మన పిల్లాణ్ణి మనం ఇంటికి తీసుకుపోవడం. ఆ ఆరుగురి తరఫున పెడుతున్నాననుకుని గుండ్రంగా, నీలాగే పెట్టాను.

తీరా చూస్తే నేను ఓడకి గార్డియన్ని, అంటే కాపలా మనిషిని. కేసు తేలేదాకా దిగడానికి లేదు. ఎప్పుడు తేలుతుందని అడిగితే పాస్టరు గారు నీళ్ల డబ్బాలు దించే పనిలో పడ్డారు.

మీ వసుధకు చెప్పు. ఇక్కడ భూభాగం ఉంది, తుప్పు పట్టింది. జనాభా ఒకడు. ప్రభుత్వం శనివారం శనివారం పడవలో వస్తుంది. నాలుగోది ఎవరి దగ్గరుందో నాకు తెలియదు.

నీ తప్పు ఎలీనాకు చెప్పక్కర్లేదు. నాది చెప్పు. నాకు ధైర్యం చాలడం లేదు.

నీ తమ్ముడు,
సైలస్

*

మారేడ్‌పల్లి,
సెప్టెంబరు 6.

ఒరేయ్ చిన్నోడా,

రెండు తప్పులూ చెప్పేశాను. ఎలీనా ఏ.ఎస్. రావు నగర్‌లోని పుట్టింటికి పోతుందేమోనని భయపడ్డాను. "మీ ఇద్దరికన్న చదువుకోనోళ్లే నయముండె వదినా," అని నా భుజం మీద తల పెట్టి పడుకుంది. లేపలేదు.

కొత్త దరఖాస్తు ఇచ్చి వచ్చాను. ఫ్లాగ్ స్టేట్ దగ్గర ఆ దీవి పేరు అక్షరం అక్షరం చూసుకుని రాశాను. దానివల్ల ఏమవుతుందో, అసలు ఏమైనా అవుతుందో నాకు తెలియదురా. మొన్నటి గుమస్తాయే తీసుకుని, నీకు నేనేమవుతానో రాసిన చోట వేలు పెట్టాడు. "ముప్ఫై ఆరేండ్లాయనకు గార్డియన్ ఏందమ్మా? కొట్టేసి సిస్టర్ అని రాయుర్రి."

నేను కొట్టెయ్యలేదు.

గార్డియన్ సంతకం:
సువార్త