రీలుకి పసుపు రాసిన బావ

సీతమ్మధార,
సోమవారం.

అప్పలరాజు బావకి శివరామకృష్ణ నమస్కారాలు.

బోటు ఇంజను చప్పుడుకి నీ చెవులు మందగించాయి కాబట్టి నీతో ఫోన్ దండగ. చేపల గంపతో మా వీధికొచ్చే మీ ఆవిడ, మా గంగాలమ్మ చెల్లెమ్మే మనకి పోస్టాఫీసు.

సంగతేమిటంటే, స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యాక నాకు పనీపాటా లేదు. జోడుగుళ్ళపాలెం రాళ్ళ మీద మళ్ళీ గేలం వేయాలని బుద్ధి పుట్టింది. ఖాళీ పాలడబ్బాకి తంగూసు దారం చుట్టి నువ్వు నాకు విసరడం నేర్పిన ఆదివారాలు గుర్తున్నాయా? నాకు పడ్డ మొదటి చేప బెత్తెడు కూడా లేదు. "గోదారోడా, దీన్ని నీళ్ళలో ఒగ్గీ, పెద్దయ్యాక వత్తాది" అన్నావ్. నలభై ఏళ్ళయింది, అది ఇంకా రాలేదు.

ఇప్పుడు కర్రా రీలూ కొనుక్కుందామని. కొట్టువాడు వంద రకాలు చూపిస్తున్నాడు. రాళ్ళ మీదికీ, ఇసుక ఒడ్డుకీ, తెప్ప మీదికీ ఒకటే పనికిరావాలి. ఎంత పొడవుండాలి? తిప్పే పిడి సన్నగా ఉండాలా, అరచేత్తో తిప్పేలా గుండ్రంగా ఉండాలా?

ఆదివారం నువ్వూ రావాలి. వలతాడులో పడి నీ కుడిచేతి వేళ్ళు వంగడం లేదనీ, ఏడాదిగా సముద్రం వైపు తిరిగి కూడా కూర్చోవడం లేదనీ చెల్లెమ్మ చెప్పి కళ్ళు తుడుచుకుంది. నాకు చాలా బాధేసింది బావా. చూడ్డానికి వేళ్ళక్కర్లేదుగా, వచ్చి చూడు.

ఇట్లు,
నీ గోదారోడు.

తా.క. ఉత్తరం తడిసి ఉంటే నన్ననకు, గంపలోని కవళ్ళ చేపల్ని తిట్టు.


పెదజాలరిపేట,
బుధవారం.

గోదారి బావకి అప్పలరాజు ఎడం సేత్తో రాసిన దండాలు.

కర్రేటి, రీలేటి బావా! సేపని సేత్తో పట్టాల. తంగూసు ఏలి మీదుంటే, కింద కొరికింది పార సేపా, గురక సేపా, ఉత్త రాయా అన్నది నాను కళ్ళు మూసుకుని సెప్పీవోణ్ణి. కర్రకేటి తెలుస్తాది?

అడిగినావు గాబట్టి సెప్తన్నాను. మరీ బారు కర్రొద్దు, రాళ్ళ మీద నీ కాళ్ళకే అడ్డం పడతాది. నీకంటే మూరెడు పొడుగుంటే సాలు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉండాల. సిన్న సేప కొరికితే కొస సెప్పాల, పెద్ద సేప లాగితే మొదలు ఆపాల. రీలు మరీ పెద్దదొద్దు, మరీ సిన్నదొద్దు. ఉప్పునీళ్ళకి తుప్పు పట్టనిదేనా అని గట్టిగా అడుగు. స్టీల్‌ప్లాంటోడివి, తుప్పు గురించి నీకు నాను సెప్పాలేటి? పిడి గుండ్రంగా ఉన్నదే తీసుకో, తడిసేతికి జారదు.

నాను మాత్రం రాను. పట్టలేనోడు ఒడ్డున కూకుని సూత్తే గంగమ్మ తల్లి నవ్వుతాది.

ఇట్లు,
అప్పలరాజు.

తా.క. కొన్నాక ఓపాలి నాకు పంపు, సూసి సెప్తాను. నిన్ను నమ్మలేం. పీతలు కొనమంటే డొల్లలు కొన్నోడివి.


సీతమ్మధార,
శుక్రవారం.

బావకి,

నువ్వు చెప్పినట్టే కొన్నాను. డబ్బాతో సహా చెల్లెమ్మకిచ్చి పంపుతున్నాను. నా కర్ర జాగ్రత్త! పరీక్ష చెయ్యి, అంతే. విప్పకు.

ఇట్లు,
శివరామకృష్ణ.

తా.క. గంప మీద కర్ర అడ్డంగా పెట్టుకుని చెల్లెమ్మ బస్సెక్కబోతే కండక్టరు దింపేశాడట, వెనక్కొచ్చింది. ఆటోలో పంపుతున్నాను. కర్ర కొస బయట ఊగుతుంటే వెనకవాళ్ళంతా ఇండికేటర్ అనుకుంటారేమో.


పెదజాలరిపేట,
ఆదివారం.

ఓరి నా అమాయకపు బావా,

నిన్ను నిలువునా ముంచీసినారు! కర్ర బంగారం. రీలే దొంగ సరుకు. మా ఈదిలో ఆటో తోలీ ఎంకటేసు బండికి తంగూసు కట్టి, నాను కర్ర పట్టుకుని, పోనియ్యిరా అన్నాను. ఆటో కదిలిందో నేదో రీలు కిర్రుమని ఏడిసి తంగూసంతా ఒదిలీసింది. సేప లాగితే ఒదిలీసీదాన్ని రీలంటారేటి?

నువ్వు బెంగెట్టుకోకు. పైనున్న మరని ఎడం సేత్తో పట్టకారు పట్టి బిగదీసీసినాను. ఇంక దాని తాత కూడా ఒదల్దు. కొత్త వలకి సేసినట్టే పసుపు రాసి, బొట్టెట్టి, కొబ్బరికాయ కొట్టి గంగమ్మ తల్లికి సూపించినాం. కొబ్బరినీళ్ళు కాసిన్ని లోపలికెల్లినాయి. మంచిదే, సలవ.

ఇట్లు,
అప్పలరాజు.

తా.క. బిగించాక మళ్ళీ ఆటోకి కట్టి సూసినాను. తంగూసు తెగలేదు, ఆటో అద్దం ఊడొచ్చింది. ఇప్పుడు రీలు బెమ్మాండం.


సీతమ్మధార,
మంగళవారం.

అప్పలరాజుకి, (బావా అని పిలవను ఇవాళ)

పసుపు రాశావు, బాగుంది. బొట్టు పెట్టావు, సంతోషం. ఆ మర జోలికి ఎందుకెళ్ళావయ్యా మహానుభావా!

నీ మాట నమ్మి కొట్టువాడి మీదికి యుద్ధానికి వెళ్ళాను. నీ ఉత్తరం చూపించాను. అతను అద్దం దాకా చదివి కుర్చీలోంచి జారిపోయాడు. ఆ రీలు వదలడానికే ఉందట!

నీకు గుర్తుందా, ఆ రోజుల్లో పెద్ద పార పడితే నేను పళ్ళు బిగించి పట్టుకుని తంగూసు తెంపేశాను. "పట్టుకోడం ఎవుడికైనా వచ్చు, ఒదలడం రావాల" అని తిట్టావ్. రెండోది పడినప్పుడు నా చేతిలోంచి లాక్కున్నావ్. అది లాగితే వేళ్ళ సందులోంచి వదిలావ్, అలిస్తే చుట్టావ్. గంటకి పైగా ఆడించి ఒడ్డుకి తెచ్చావ్. నేను నోరు తెరుచుకుని నీ వేళ్ళే చూశాను.

ఈ రీలు చేసేదీ అదే. ఆ మరే దాని వేళ్ళు. ఎప్పుడెంత వదలాలో మాత్రం దానికి తెలీదు, తెలిసినవాడు చెప్పాలి. మర వదులు చేసి, ఆదివారం తెల్లారేసరికి కర్ర పట్టుకుని రాళ్ళ దగ్గరికి రా. నువ్వు రాకపోతే నేనూ వెయ్యను, ఇది ఒట్టు.

ఇట్లు,
శివరామకృష్ణ.

తా.క. అద్దం వేయిద్దామని వెంకటేష్‌కి చెప్పు. అందాకా వెనక్కి చూడకుండా నడపమను.


పెదజాలరిపేట,
శుక్రవారం.

నా బావకి అప్పలరాజు రాసింది.

నీ ఉత్తరం మూడుసార్లు సదివినాను. ఆదివారం దాకా ఆగలేకపోయినాను. ఈయేళ తెల్లారగట్లే మర ఒదులు సేసి, గంగాలమ్మని తోడెట్టుకుని రాళ్ళ మీదికెల్లిపోనాను. ఎడం సేత్తో కర్ర పట్టినాను, కుడి అరసేత్తో పిడి తిప్పినాను. ఏళ్ళు వంగక్కర్లేకపోయింది.

పార పడింది బావా! రీలు కిర్రుమంది. అలగే ఒదిలినాను. ఆగింది, తిప్పినాను. ఎంత ఒదలాలో నా ఏళ్ళు మరిచిపోనేదు. ఒడ్డుకొచ్చినాక ఏడిసీసినాను. గంగాలమ్మ నన్ను సూసి నవ్వింది, తరవాత అదీ ఏడిసింది. సగం సేప నీకు పంపుతన్నాను, పులుసెట్టించుకో.

ఇంకో మాట. డబ్బాలో గ్యారంటీ కార్డుంది. కొన్నోడి పేరు దగ్గర "అప్పలరాజు, పెదజాలరిపేట" అని రాయించినావు. నాను అయిదో కలాసు పాసు, ఉత్తరాలు సదివీవోణ్ణి కార్డు సదవననుకున్నావేటి? డబ్బా ఇప్పిన రోజే సూసినాను, ఇది నాకే కొన్నావని. తెలిసిందని సెప్పీత్తే నువ్వు రాయడం మానీత్తావని ఊరుకున్నాను. ఏడాదై సేపల గురించి నన్ను ఏటీ అడిగినోడు నేడు బావా. నువ్వొక్కడివే అడిగినావు.

ఇట్లు,
నీ అప్పలరాజు.

తా.క. మరలు బిగదీత్తే గ్యారంటీ సెల్లదని అదే కార్డు మీద రాసుంది. అది అద్దం ఊడినాక సదివినాను.

ఇంకో తా.క. ఆదివారం తప్పకుండా రా. నీకు కర్ర నేదు గదా, అటకమీంచి పాత పాలడబ్బా దించి కొత్త తంగూసు సుట్టి ఉంచినాను. నీ బెత్తెడు సేప ఈపాటికి పెద్దయ్యుంటాది.