తోకలు కోసిన పేర్లు

సోమవారం

బావగారికి,

నమస్కారం. చేతికి అలవాటై రాసింది తప్ప మనసులోంచి వచ్చింది కాదు.

మీరు బస్సులో పంపిన చెక్క బోర్డూ, మా ల్యాబ్ సీసాలకి అంటించాల్సిన నలభై రెండు రేకు పేర్లూ అందాయి. రేకుల్ని నేనింకా చూడలేదు. అటెండరు నేనిచ్చిన జాబితాలోని నంబర్ల వరసన పాతవి గీకేసి ఇవి అంటిస్తున్నాడు. బోర్డు మాత్రం చూశాను.

నేను గీసిచ్చింది సోడియం పరమాణువు. నడిమధ్య కేంద్రకం, అందులో పదకొండు ప్రోటాన్లు, పన్నెండు న్యూట్రాన్లు. చుట్టూ మూడు గుండ్రాలు. మొదటి దాని మీద రెండు ఎలక్ట్రాన్లు, రెండో దాని మీద ఎనిమిది, మూడో దాని మీద ఒకే ఒక్కటి. మీరు మూడో దాని మీదా ఎనిమిది వేశారు! ఆ ఒంటి ఎలక్ట్రానే సోడియం గుణమంతా. దాన్ని ఎవరికి అంటగడదామా అని చూస్తూ ఉంటుంది కాబట్టే క్లోరిన్‌తో కలిసి ఉప్పవుతుంది. మీ బోర్డు మీదున్నది సోడియం కాదు. సృష్టిలో ఏదీ కాదు.

వచ్చే సోమవారం తనిఖీ. ఈ ల్యాబ్‌కి గుర్తింపు ఉంచాలా, తీసేయాలా అని తేల్చడానికి పై అధికారి వస్తోంది. ఈలోగా బోర్డు మార్చి పంపండి.

ఒళ్లు మండుతున్న
మీ మరదలు

తా.క. కేంద్రకాన్ని గుమ్మడికాయంత వేశారేమిటి? అసలైతే పరమాణువు మొత్తంలో అది కంటికి ఆనదు. ఫోనులో చెబుదామంటే మీరు ఎత్తరు, ఎత్తినా అక్క చేతికిచ్చేస్తారు. అందుకే ఈ కాగితం.

*

గురువారం

మరదలికి,

ఆశీస్సులు. నీకు నోటితో పనిలేని రోజు రావాలని కూడా ఆశీర్వదిస్తున్నాను.

మా షాపు నుంచి ముప్పై ఏళ్లుగా బోర్డులు వెళుతున్నాయి. మంగలి కొట్టు నుంచి కోర్టు దాకా ఎవ్వరూ వేలెత్తి చూపలేదు. మూడో గుండ్రం మీద ఒక్క చుక్క పెడితే ఎలా ఉంటుందో తెలుసా? కుంచె జారి రంగు పడ్డట్టుంటుంది. చూసినవాళ్లు పరమాణువుని తిట్టరు, పెయింటర్ని తిడతారు. అందుకని ఎదురుగా ఇంకొకటి, అటొకటి, ఇటొకటి పెడుతూ పోతే ఎనిమిదయ్యాయి. ఎంత నిండుగా వచ్చింది!

ఇక కేంద్రకం చిన్నదిగా ఉండాలంటావు. లెక్క ప్రకారమే వేయమంటే, కేంద్రకం ఆవగింజంత వేసినా నీ ఒంటి ఎలక్ట్రాను వీధి చివర టైలరు గోడ మీద పడుతుంది. ఆయన ఒప్పుకోడు. సున్నం కొత్తగా వేయించాడు.

బోర్డు తిప్పి పంపు. ఏడు చుక్కలు చెరుపుతాను. మనసు రాక చెరుపుతాను.

ఇట్లు
నీ బావ

తా.క. నీ జాబితాలో అక్షర దోషాలు చూసి సిగ్గేసింది. ఒకే పేరుని ఒకచోట సల్ఫేట్, ఇంకోచోట సల్ఫైట్, మరోచోట సల్ఫైడ్ అని రాశావు. టీచరువి, నలుగురిలో పరువు పోతుందని అన్నీ సల్ఫేట్ చేసేశాను. మెచ్చుకోనక్కర్లేదు. మీ అక్కలాంటి ఓర్పుగల మనిషి నీకు అక్కగా దొరకడమే నీ అదృష్టం.

*

మంగళవారం

బావగారికి,

నమస్కారం లేదు.

మీ ఉత్తరం శనివారమే వచ్చింది. టైలరు గోడ దాకా చదివి ఒళ్లు మండి సొరుగులో పడేశాను. కింద తా.క. చూడలేదు. అది నా తప్పు. మిగతాదంతా మీదే.

నిన్న తనిఖీ అధికారి వచ్చింది. బోర్డు సంగతి ఎలాగో సర్దుకున్నాను, గోడవైపు తిప్పి పెట్టాను. ఆవిడ ముందు బెంచీ పక్కన నిలబడి, "సజల ఆమ్లం పోస్తే ఏమీ కానిది ఒకటి చూపించండి" అంది. ఇదెంత పని అనుకుని సోడియం సల్ఫేట్ అని ఉన్న సీసా తీశాను. తెల్లటి పొడి. పరీక్షనాళికలో వేసి, ఆమ్లం పోస్తూ, "చూడండి మేడమ్, ఏమీ జరగదు" అన్నాను.

జరిగింది. బుసబుసమని పొంగి, వెయ్యి అగ్గిపుల్లలు ఒక్కసారి కాల్చినట్టు ఘాటు లేచింది. ఎందుకంటే అది సల్ఫేట్ కాదు, సల్ఫైట్! అందరం దగ్గుకుంటూ మైదానంలోకి పరిగెత్తాం. ముందు బెంచీలో ఆయాసం ఉన్న పిల్లని నేనే ఎత్తుకుని తెచ్చాను. అరగంట దాకా దాని ఊపిరి కుదుటపడలేదు. అధికారికి గొంతు పోయింది. అందుకని నన్ను నోటితో తిట్టలేదు, తిట్లన్నీ కాగితం మీద పెట్టింది. శుక్రవారం నా మీద విచారణ.

బావగారూ, సల్ఫైడ్ అంటే లోహంతో ఉత్త గంధకం. సల్ఫైట్ అంటే ఆ గంధకానికి మూడు ఆక్సిజన్లు తోడు. సల్ఫేట్ అంటే నాలుగు. పేరు తోకలోనే ఉంది సంగతంతా. మేనమామ, మేనత్త, మేనకోడలు, అందరికీ ముందు 'మేన' ఉంది కదా అని అందర్నీ మేనత్తలు చేసేస్తారా? మీరు పేర్ల తోకలు కోసేశారు. నా చెయ్యి పక్కనున్న సల్ఫైడ్ సీసా మీద పడి ఉంటే వచ్చేది విషవాయువు. అప్పుడు నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

మీ మరదలు

తా.క. మెచ్చుకోనక్కర్లేదన్నారు. మెచ్చుకోవడం లేదు.

*

బుధవారం

మరదలికి,

ఆ పిల్లకి ఇప్పుడెలా ఉంది? మిగతావాటికి జవాబివ్వకపోయినా ఫర్వాలేదు, దీనికివ్వు.

అయినా ఒక్క మాట అనకపోతే నాకు తెల్లారదు. ప్రాణాలు తీసేంత తేడా ఉన్న మూడింటికి కవలపిల్లల్లాంటి పేర్లు పెట్టిన పెద్దమనిషెవరు? ముందు వాణ్ణి నిలబెట్టి విచారణ చెయ్యమను. మా వీధిలో ఇద్దరు ఒకే పేరుతో కొట్లు పెడితేనే ఒకడి బోర్డుకి ఎరుపు, ఇంకొకడికి నీలం వేసి గొడవ తప్పించాం. మీరింత చదివి ఆ మాత్రం చెయ్యలేకపోయారా? జాబితా ఇచ్చినప్పుడు 'ఇవి తప్పులు కావు' అని ఒక్క ముక్క రాస్తే చెయ్యి అరిగిపోయేదా?

ఇట్లు
నీ బావ

తా.క. ఒక చిన్న అనుమానం. నైట్రేట్, నైట్రైట్ కూడా వేరువేరా? అలాగైతే క్లోరేట్ సంగతి కూడా ఇప్పుడే చెప్పేయడం మంచిది. దాన్ని క్లోరైడ్ చేశాను.

*

బుధవారం సాయంత్రం

బావగారికి,

మీ ఉత్తరం మా ఊరొచ్చే బస్సు కండక్టరు చేతికిచ్చి పంపారంటేనే గుండె ఆగింది. చదివాక మళ్లీ ఆగింది.

క్లోరేట్! అది నిప్పు దగ్గరుంటే పక్కనున్నదాన్ని భగ్గుమనిపిస్తుంది. క్లోరైడ్ కూరలో వేసుకునే ఉప్పుకి వరసకి తమ్ముడు. అటెండరు పాపం, మీ రేకు నమ్మి దాన్ని పాత పేపర్ల కట్ట మీద పెట్టాడు. పరుగున వెళ్లి తీశాను. బీరువాకి తాళం వేసి తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను.

పిల్ల బాగానే ఉంది. బడికి వస్తోంది. రేపో ఎల్లుండో బడికి రాకుండా పోయేది నేనే.

తప్పు నాదే. అక్షరం విలువ తెలియనివాళ్ల చేతిలో అక్షరాలు పెట్టాను. అక్కయినా పక్కనుండి చెప్పకూడదా అంటే, తను తొమ్మిదో తరగతితో పుస్తకం మూసింది. రంగు డబ్బాల మధ్య కూర్చుని తనకేం తెలుస్తుంది?

ఇక మీకూ నాకూ ఉత్తరాలు లేవు.

మరదలు

తా.క. శుక్రవారం ఉదయం తాళంచెవి అటెండరుకిచ్చి విచారణకి వెళుతున్నాను. సంతోషించండి.

*

శుక్రవారం, నీ ల్యాబ్‌లో, నీ బల్ల మీద

చెల్లీ,

ఇది పోస్టులో వేయడం లేదు. నువ్వు లోపల విచారణలో ఉన్నావు. నేను నీ కుర్చీలో ఉన్నాను.

మీ బావ నీకు ఒక్క ఉత్తరమూ రాయలేదు. అన్నీ రాసింది నేను, నా చేతిరాత నువ్వు పోల్చకుండా బోర్డు అక్షరాల్లో. ఆయన పేరుతో నిన్ను తిట్టింది నేను. ఎనిమిది చుక్కలు పెట్టింది, తోకలు కోసింది నేను. ఆయన కళ్లకి పొరలు కమ్మి ఏడాదిన్నరయింది. బారెడు అక్షరం కూడా మసకే. ఆ సంగతి తెలిస్తే బోర్డులు రాయించుకునేవాళ్లు మా గుమ్మం తొక్కరని ఎవరికీ చెప్పలేదు, నీక్కూడా. ఆయన ముందు కూర్చుని మాట్లాడతాడు, నేను వెనక గదిలో రాస్తాను. కోర్టు బోర్డు కూడా నాదే.

తప్పు నాది. కుంచె చేతిలో ఉంది కదా అని తెలియనిచోట దిద్దాను. ఆ పిల్ల తల్లిని కలిసి ఆ మాటే చెప్పి వచ్చాను.

కానీ తొమ్మిదో తరగతి అన్నావు చూడు, దానికి మాత్రం నాకు వచ్చినంత కోపం నీకు జన్మలో రాదు. సైన్సు పుస్తకంలో పరమాణువు పాఠం అయింది. పేర్ల పాఠం మొదలవుతుందనగా నీకు టైఫాయిడ్ వచ్చింది. అమ్మ నీతో ఆసుపత్రిలో, నేను పొయ్యి దగ్గర. నువ్వు లేచి తిరిగేసరికి రెండు నెలలయింది, నన్ను మళ్లీ బడికి ఎవరూ వెళ్లమనలేదు. నాకు రాని పాఠం అదొక్కటే. అది రాలేదని నన్ను ఎత్తిపొడిచింది నువ్వే.

సరే, అయింది. నీ జాబితా గోడకి పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు ఉంచి నలభై రెండూ మళ్లీ రాశాను. అటెండరు నంబరు చూసి అంటించాడు. నువ్వు చూసేదాకా ఏ సీసా ముట్టుకోవద్దన్నాను. బోర్డు మీద ఏడు చుక్కలు చెరిపాను. ఒక్కటే మిగిలింది. చూడగా చూడగా బాగానే ఉంది.

పేర్లు మార్చింది టీచరు కాదు, నేనని కాగితం రాసి సంతకం పెట్టి మీ పెద్ద మాస్టారికిచ్చాను. ఆయన దాన్ని లోపలికి తీసుకెళ్లాడు. అటెండరు ఇప్పుడే వచ్చి చెప్పాడు, రేకులు ఒకసారైనా చదవకుండా అంటించనిచ్చినందుకు నీకు మందలింపట, అంతే. ల్యాబ్ ఉంటుందట. నువ్వు బయటికొచ్చేసరికి నా బస్సు వెళ్లిపోతుంది, కాబట్టి నేను వెళుతున్నాను. ఎదురుపడితే ఇద్దరం ఏడుస్తాం, అది నాకు ఇష్టం లేదు.

నీ అక్క

తా.క. పొర తీయించుకుంటే చూపొస్తుందని డాక్టరు చెబుతున్నాడు. ఈయన కత్తి పేరెత్తితే మంచం కిందికి దూరేలా ఉన్నాడు. నేను చెబితే వినడు. ఈ లోకంలో ఆయన భయపడేది నీ గొంతుకొక్కదానికే. ఆదివారం రా. నా మీద మిగిలిన కోపం దారిలో ఎక్కడా పారేసుకోకుండా పట్టుకురా. గుమ్మంలోనే మొదలుపెట్టు, చెప్పులు కూడా విప్పకు.