తెరచాప లేని రొట్టె పడవ

ఫజా, బ్రావా దీవి
9 జూలై 2009

జెర్మానా వదినకు,

ప్రభువు కృప, మరియమ్మ తల్లి తోడు ఎప్పుడూ నీకుండాలని కోరుకుంటూ జుల్మీరా రాసేది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మొక్కజొన్న విత్తుదామని వాన కోసం చూస్తున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

పండుగ అయిన మర్నాటి నుంచి నీకు రాయాలని ఉన్నా, కోపం మీద కలం పట్టకూడదని ఊరుకున్నాను. పూటకో జపమాల చెప్పుకున్నాను. నిన్న మా పిన్ని కూతురు ఇల్దా మీ ప్రాయా పట్నం నుంచి వచ్చింది. నువ్వు పనిచేసే ప్రదర్శనశాలకు వెళ్లిందట. మా ఇంటి రొట్టె పడవను గాజుపెట్టెలో పెట్టి, కింద చీటీ అంటించారట: "పండుగ ఆటబొమ్మ. చేసినవారు తెలియదు." అది విన్నాక జపమాల పక్కన పెట్టి కాగితం తీసుకున్నాను.

చేసినవారు తెలియదా వదినా? ఆ పిండి కలిపేటప్పుడు నా పక్కన కూర్చుని సోంపు గింజలు ఏరిందెవరు?

నువ్వు ఏడాదికోసారి వచ్చిపోయేదానివైనా ఈ ఊళ్లో పుట్టినదానివే. పునీత యోహాను గారి పండుగకు నిలబెట్టే మానుకు మనం ఏం కడతామో, ఎందుకు కడతామో నీకు ఒకరు చెప్పాలా? పావురాలు, సూర్యుడు, బొమ్మలు, పడవలు, అన్నీ రొట్టెతోనే చేస్తాం. మాను దించగానే జనం ఎగబడి తెంపుకుని తింటారు. తింటేనే పండుగ. తెరచాప లేని పడవ ఒక్కటే ఎవరూ ముట్టరు. సముద్రం మీద పోయినవాడిది అది. వాడి ఇంటి ఆడది దాన్ని సాయంత్రం గంట కొట్టేలోగా అలకు ఇచ్చి రావాలి. మా అనిబాల్ అన్న పడవ తిరిగి రాని ఏడాది నుంచి ఇరవై ఆరుసార్లు చేశాను, ఇరవై అయిదుసార్లు ఇచ్చాను. ఈసారి ఇవ్వనివ్వలేదు నువ్వు.

ముందు వార్నిష్ సంగతి చెప్పనీ. నేను పూజకు వెళ్లి వచ్చేసరికి పందిరంతా వార్నిష్ వాసన. రొట్టెలు మెరుస్తున్నాయి, శవపేటికల్లా. ఫోటోల్లో బాగా పడతాయని, పాడవకుండా ఉంటాయని నువ్వు చెప్పావట, కమిటీ వాళ్లు తల ఊపారట. ఫాదర్ గారు మంత్రించాల్సిన రొట్టె అది! ఆయన్ని అడిగితే, వార్నిష్ పూయకూడదని ఏ గ్రంథంలోనూ లేదమ్మా అని నవ్వేశారు. గ్రంథంలో లేదని రాయికి కూడా దీవెన ఇస్తారా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

ఆడవాళ్లు రోళ్ల మీద రోకళ్లతో తాళం వేస్తుండగా, డోలు మోగుతుండగా మాను దిగింది. కసిమీరో తాత ఎనభై ఏళ్ల వయసులో అందరినీ తోసుకుని పావురాన్ని పట్టాడు. ఒక్క కొరుకు కొరికి, దవడ పట్టుకుని కూలబడ్డాడు.

"ఇది రొట్టె కాదర్రా, తలుపు!" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. కానీ ఈ ఏడాది దీవెన ఒక్కరి కడుపులోకీ పోలేదు. నవ్వు ఆగాక పడవ కోసం చూస్తే లేదు. నువ్వు దాన్ని అప్పటికే గడ్డి పరిచిన పెట్టెలో పెట్టి తాడు కడుతున్నావు. ఇవ్వమన్నాను. అందరి ముందూ నువ్వన్న మాట ఈ రోజుకీ చెవిలో ఉంది.

"ఏటా మీరు వాడిని ముంచుతూనే ఉన్నారు జుల్మీరా. ఈ ఒక్కసారి నా దగ్గర పొడిగా ఉండనీ."

అన్నతో నిశ్చితార్థం దాటి పెళ్లి దాకా రాకపోయినా నిన్ను వదినా అనే పిలిచాను, ఇంకో మగాడి ముఖం చూడకుండా ఉన్నావని గౌరవించాను. అందుకే ఆ రోజు పెట్టె లాక్కోలేదు. కానీ పొడిగా ఉండనీ అని తీసుకెళ్లి, వచ్చేపోయే వాళ్లకు ఆటబొమ్మ అని చూపిస్తావా? ఆ చీటీ నువ్వు రాయలేదంటావు, సరే, చించలేదేం? అన్నకు పేరుంది. చేసిన చేతికి పేరుంది. మన బాధకు వార్నిష్ పూసి, పేరు తుడిచేసి, దాన్ని సంస్కృతి అంటే ఒప్పుకునేది లేదు.

వచ్చే శుక్రవారం పడవలో దాన్ని పంపించు. ఫుర్నా రేవుకు నేనే వస్తాను. ఆలస్యమైనా యోహాను గారు మన్నిస్తారు.

ఇట్లు,
నీ ఆడపడుచు
జుల్మీరా

తా.క. కవరు అంటించి, మళ్లీ చించాను. చేసినవారు తెలియదని రాసిన అబద్ధానికి నిన్ను ఇంతగా తిట్టి, నా అబద్ధం దాచుకుని రేపు పూజలో దివ్యసత్ప్రసాదం ఎలా తీసుకోను?

పోయిన తపస్సు కాలంలో, ఈస్టరుకు ముందు, ఒక నావికుడు నాకో ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. అన్న చేతిరాత. చనిపోలేదు వదినా. వేరే ఓడ వాళ్లు కాపాడారట. అర్జెంటీనాలో ఏదో రేవులో ఉన్నాడు, భార్య, ముగ్గురు పిల్లలు. నాలుగు పేజీల్లో నీ పేరు ఒక్కచోటే ఉంది, జెర్మానాకు పెళ్లయ్యే ఉంటుంది కదా అని. అది చదివిన రోజు నుంచే నాకీ కోపం. నీ మీద కాదని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

నీకు చూపించలేకపోయాను. తగలబెట్టడానికీ చెయ్యి రాలేదు. ఆ ఉత్తరాన్ని అరటాకులో చుట్టి పడవ పిండిలో పెట్టి కాల్చాను, బతికున్నవాడికి తెరచాప లేని పడవ చేసి, పైన దీవెన నీళ్లు కూడా చల్లించాను. అలకు ఇచ్చేస్తే నువ్వు విధవలా అయినా మర్యాదగా బతుకుతావనుకున్నాను. నీ బతుకు గురించి అలా అనుకునే హక్కు నాకు ఎవరిచ్చారు?

పడవ పంపకు. అడుగున పగలగొట్టు, తెరచాప కొయ్య ఉండాల్సిన చోటికి సరిగ్గా కింద ఉత్తరం ఉంది. చదివాక, వచ్చే ఏడు దానికి తెరచాప పెట్టాలో, అసలు పడవే చేయకూడదో నువ్వే చెప్పు. నువ్వెలా చెబితే అలా.

ఈ కాగితాలు మాత్రం నీ దగ్గరే దాచుకో. ఎవరికీ చూపించకు. గాజుపెట్టెలో అసలే వద్దు.